పెళ్ళిలో నిజం ఎవరికి చెప్పాలి, గుట్టు ఎక్కడ కాపాడాలి: కథోలిక కుటుంబాలకు కొన్ని పద్ధతులు

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయాలనే సామెత మన ఆర్.సి.ఎం. (రోమన్ కథోలిక) ఇళ్ళలో కూడా బాగానే చెల్లుతోంది. ఆదివారం పూజలో ముందు వరుసలో కూర్చునే పెద్దవాళ్ళే అబ్బాయిది కాంట్రాక్టు ఉద్యోగమైతే పర్మనెంటు అంటారు, అమ్మాయికి ఫిట్స్ వస్తాయన్న సంగతి పెళ్ళయ్యాక చూసుకోవచ్చులే అంటారు. తీరా పెళ్ళయ్యి ఆ ఇద్దరికీ ఏదో గొడవ వస్తే అదే పెద్దవాళ్ళు పిన్నికి, బాబాయికి, ఎదురింటావిడకి, జపమాలకు వచ్చిన పదిమందికి పూసగుచ్చినట్టు చెప్తారు. తెలియాల్సిన మనిషి దగ్గర దాచి, తెలియనక్కర్లేని వాళ్ళందరికీ చెప్పడం! నేనూ మా ఆయనా మా విచారణలో, అంటే మా పారిష్‌లో, పెళ్ళి క్లాసులకు కొన్నేళ్ళుగా సాయం చేస్తున్నాం, ఈ తిరకాసు చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

శ్రీసభ (కథోలిక చర్చి) బోధనల పుస్తకం సత్యోపదేశం ఈ విషయంలో మనం అనుకునేదానికన్నా తెలివిగా మాట్లాడుతుంది. పది ఆజ్ఞల్లో ఎనిమిదవదాని గురించి చెప్తూ (మన లెక్కలో ఎనిమిదవది, ప్రొటెస్టెంట్ బంధువుల లెక్కలో తొమ్మిదవది, ఇంట్లో రెండు రకాలవాళ్ళూ ఉంటే దీని మీదే ఓ గంట వాదన నడుస్తుంది) అబద్ధం పాపం అంటుంది. అంతటితో ఆగకుండా 2489వ పేరాలో, తెలుసుకునే హక్కు లేని మనిషికి నిజం చెప్పి తీరాల్సిన పని లేదని కూడా అంటుంది. 2477లో అయితే ఇంకో మెట్టు ఎక్కి, సరైన కారణం లేకుండా ఒకరి తప్పును, అది నిజమే అయినా సరే, తెలియనివాళ్ళకు చేరవేయడం తప్పే అంటుంది. కాబట్టి నోరు తెరిచే ముందు అడగాల్సింది ఒక్కటే: ఈ సంగతి తెలుసుకునే హక్కు ఈ ఎదుటి మనిషికి ఉందా? పెళ్ళాడబోయే మనిషికి చాలా విషయాల్లో ఉంటుంది, ఎదురింటావిడకి దాదాపు ఎప్పుడూ ఉండదు.

ప్రధానానికి ముందు ఏం చెప్పాలి

కానన్ లాలో, అంటే శ్రీసభ సొంత చట్టంలో, 1098 అని ఒక నియమం ఉంది (ఇకపై చెప్పే నియమాల నంబర్లన్నీ అందులోవే). పెళ్ళికి ఒప్పించడం కోసం కావాలని మోసం చేసి, కాపురాన్ని గట్టిగా దెబ్బతీయగల గుణమో సంగతో దాచిపెట్టి పెళ్ళి చేస్తే ఆ పెళ్ళి చెల్లదు అంటుంది. మోసం చేసింది పెళ్ళికొడుకో పెళ్ళికూతురో కానక్కర్లేదు, మధ్యవర్తి చేసినా, మేనమామ చేసినా అంతే. పిల్లలు పుట్టే అవకాశం లేకపోవడం అనేది పెళ్ళికి ఆటంకమే కాదని 1084 చెప్తుంది గాని, అదే సంగతి దాచి మోసం చేస్తే మాత్రం వ్యవహారం 1098 కిందికి వస్తుందని అక్కడే గుర్తుచేస్తుంది. నాకు ఇది చాలా న్యాయంగా అనిపిస్తుంది. లోపం ఉన్న మనిషిని శ్రీసభ తోసెయ్యడం లేదు, దాచిన మనిషిని మాత్రం నిలదీస్తోంది.

అందుకని చెప్పాల్సినవి ఏవంటే, ఇంతకుముందు ఏ రకంగా పెళ్ళయినా, అది రిజిస్టరు ఆఫీసులో అయినా, గుళ్ళో దండలు మార్చుకున్నదైనా, రెండు నెలలకే విడిపోయినదైనా. బిడ్డ ఉంటే ఆ సంగతి. ఎక్కువకాలం మందులు వాడాల్సిన జబ్బు, అందులో మానసికమైనవి కూడా. తాగుడు, బెట్టింగు. ఉన్న అప్పు. ఉద్యోగం అసలు సంగతి, విదేశంలో ఉంటే వీసా అసలు సంగతి. నడుస్తున్న కోర్టు కేసు. పిల్లలు వద్దనుకుంటుంటే ఆ మాట, ఎందుకంటే కావాలని ఆ ఉద్దేశంతోనే పీఠం ముందు అవునని చెప్తే ఆ ఒప్పుకోలు మీదే అనుమానం వస్తుంది.

చెప్పనక్కర్లేనివి కూడా ఉన్నాయి, ఈ మాట క్లాసులో అనగానే అందరి మొహాలూ తేలికపడతాయి. ఇంటర్‌లో ఎవరిని ఇష్టపడ్డారు, వాళ్ళ పేరేంటి, ఎన్ని ఉత్తరాలు రాశారు, ఇదంతా అప్పజెప్పక్కర్లేదు. "ఒకరిని ఇష్టపడ్డాను, అది అయిపోయింది, ఇప్పుడు మా మధ్య మాటల్లేవు" అంటే సరిపోతుంది, ఆ మాట నిజమైతే. మీ అక్క కాపురం గొడవ మీ అక్కది, మీది కాదు. పాత గాయాలు, ముఖ్యంగా చిన్నప్పుడు ఎవరైనా చేసిన అఘాయిత్యం, చెప్పాలా వద్దా, చెప్తే ఎప్పుడు అన్నది పూర్తిగా మీ ఇష్టం. నిజాయితీ పేరు చెప్పి దాన్ని మీ నోట లాగే హక్కు ఎవరికీ లేదు.

ఎలా చెప్పాలన్నది ఇంకో సంగతి. మధ్యవర్తి ద్వారా వద్దు, అతను మోసేటప్పుడు సగం కారిపోతుంది. అమ్మానాన్నలు కూడా వద్దు, వాళ్ళు పాపం భయంతో మెత్తబరుస్తారు, "కొంచెం షుగరు ఉంది" లాగా అవుతుంది చివరికి. మీరే చెప్పండి, ఎదురుగా, పక్క గదిలో పెద్దవాళ్ళు ఉన్నా ఫరవాలేదు. ప్రధానం కాకముందే, హాలు మాట్లాడకముందే, బట్టలు కొనకముందే చెప్పండి, ఎందుకంటే డబ్బు ఖర్చయ్యాక వినే మనిషికి కాదనే స్వేచ్ఛ ఉండదు. మాట సూటిగా ఉండాలి: "నేను మూడేళ్ళుగా ఆందోళనకు మాత్రలు వాడుతున్నాను. ఇప్పుడు బాగానే ఉన్నాను, కానీ మానలేదు. కావాలంటే మా డాక్టరు గారి దగ్గరకు ఇద్దరం కలిసి వెళ్దాం." లేదా "నాకు 4 లక్షల అప్పుంది, మా నాన్న ఆపరేషన్‌కి చేసింది, నెలకు ఇంత కడుతున్నాను." మొదలుపెట్టే ముందు ఒక మాట అడిగి పుచ్చుకోండి, "ఈ సంబంధం కుదరకపోయినా ఈ విషయం మన మధ్యే ఉండాలి" అని. విన్నవాళ్ళకి కూడా ఒక బాధ్యత ఉంది. సంబంధం వద్దనుకోండి, మీ ఇష్టం, కానీ ఎందుకు వద్దన్నారని మీ మేనత్త అడిగితే "మాకు కుదరలేదు అత్తా" అనండి చాలు. మా ఎరికలో ఒక అమ్మాయి ధైర్యం చేసి తన జబ్బు గురించి చెప్పింది, అవతలివాళ్ళు వద్దన్నారు, అక్కడిదాకా తప్పులేదు, కానీ నెల తిరక్కుండా ఆ కబురు మూడు ఊళ్ళు తిరిగింది. ఆ తర్వాత వచ్చిన సంబంధానికి ఆ అమ్మాయి ఏమీ చెప్పనంది. ఆ అమ్మాయిని ఏమని తప్పుపడతాం?

ఫాదర్ గారి ముందు కూర్చున్నప్పుడు

పెళ్ళికి ముందు విచారణ గురువు, అంటే మీ పారిష్ ఫాదర్ గారు, మీ ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి ఫారం నింపుతారు. ఎవరైనా బలవంతం చేస్తున్నారా, ముందు పెళ్ళయిందా, చనిపోయేదాకా ఒకరికొకరు అని ఒప్పుకుంటున్నారా, అవతలివాళ్ళ దగ్గర ఏమైనా దాచారా అని అడుగుతారు. మనవాళ్ళలో చాలామంది దీన్ని ఆధార్ కార్డు జిరాక్సు ఇచ్చినట్టు, ఒక తంతు లాగా, అన్నిటికీ "లేదు ఫాదర్, అవును ఫాదర్" అని ముగించి బయటికొస్తారు. అది తంతు కాదండీ. బలవంతం మీదో భయం మీదో జరిగిన పెళ్ళి చెల్లదని 1103 చెప్తుంది, ఆ భయం అమ్మానాన్నలది అయినా సరే. ఇష్టం లేకపోతే ఆ గదిలో చెప్పండి, బయట ఎవరు కూర్చున్నారో మర్చిపోండి.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. "నేను పాపసంకీర్తనంలో (కన్ఫెషన్‌లో) ఫాదర్ గారికి చెప్పేశాను కదా" అనుకుంటారు. పాపసంకీర్తనంలో విన్నది గురువు బయటపెట్టలేరు, మీకు ఇబ్బంది కలిగేలా ఏ రకంగానూ వాడుకోలేరు, పెళ్ళి కాగితాలకు అసలే వాడలేరు. ముందు పెళ్ళి సంగతో ఇంకేదో అడ్డంకో ఉంటే అదే మాట విడిగా, ఆఫీసు గదిలో, మళ్ళీ చెప్పాలి.

జ్ఞానస్నానం సర్టిఫికెట్టు పాతది పెట్టెలో ఉందని తెస్తారు, ఫాదర్ గారు కొత్తది అడిగితే విసుక్కుంటారు. కొత్తది ఎందుకంటే, పెళ్ళయినప్పుడు ఆ సంగతి మీరు జ్ఞానస్నానం పొందిన విచారణ పుస్తకంలో మీ పేరు పక్కనే రాస్తారు, అందుకని ఈ మధ్య తీసిన సర్టిఫికెట్టు చూస్తే ముందు చర్చిలో పెళ్ళి జరిగిందో లేదో తెలిసిపోతుంది. మన రాష్ట్రాల్లో ఇంకో చిక్కు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా ఉండదు, బీసీ-సి కిందికి వస్తారు, అందుకని ఎన్నో ఇళ్ళలో బడి సర్టిఫికెట్లో ఒక పేరు, జ్ఞానస్నాన పుస్తకంలో ఇంకో పేరు ఉంటాయి. దాని వెనక ఉన్న అన్యాయం గురించి ఇక్కడ రాయబోవడం లేదు, ఎవరినీ తప్పుపట్టడమూ లేదు. కానీ రెండు పేర్లూ ఫాదర్ గారికి చెప్పండి, పెళ్ళాడబోయే మనిషికీ చెప్పండి. తర్వాత పాస్‌పోర్టుకో వీసాకో పెళ్ళి సర్టిఫికెట్టు కావాల్సి వచ్చినప్పుడు పేర్లు కలవక పడే టెన్షన్ అంతా ఇంతా కాదు.

అవతలి మనిషి క్రైస్తవులు కాకపోతే పెళ్ళి కోసమని హడావిడిగా, నమ్మకం లేకుండా జ్ఞానస్నానం తీసుకోవడం మహా తప్పు, పైగా అవసరం కూడా లేదు. బిషప్ గారి దగ్గర మినహాయింపు తీసుకుని కథోలిక విధానంలోనే పెళ్ళి చేసుకోవచ్చు. కథోలికులైన వాళ్ళు తమ విశ్వాసం వదులుకోబోమని, పిల్లలకు కథోలిక శ్రీసభలో జ్ఞానస్నానం ఇప్పించడానికి చేతనైనంత చేస్తామని మాటివ్వాలి, ఆ మాట ఇచ్చినట్టు అవతలివాళ్ళకు తెలియాలి. దారి ఉండగా దొంగదారి ఎందుకు?

ప్రకటనలు చదివినప్పుడు

పూజ చివర పెళ్ళి ప్రకటనలు చదివేటప్పుడు చెప్పులు వెతుక్కుంటాం గాని, ఆ ప్రకటన మనల్నే అడుగుతోంది. అడ్డంకి ఏదైనా తెలిస్తే పెళ్ళికి ముందే విచారణ గురువుకు చెప్పడం విశ్వాసులందరి బాధ్యత అని 1069 చెప్తుంది. ఆ అబ్బాయికి వేరే ఊళ్ళో భార్య ఉందని మీకు నిజంగా తెలిస్తే, మీరే వెళ్ళి, ఒక్కరే వెళ్ళి, ఫాదర్ గారికి చెప్పండి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు అన్నది చెప్పండి, మీ పేరు చెప్పండి. ఆకాశరామన్న ఉత్తరాలు వద్దు. టీ బంకు దగ్గర విన్నదైతే "విన్నాను" అనే చెప్పండి, "తెలుసు" అనొద్దు.

మన బైబిల్లో దానియేలు గ్రంథం 13వ అధ్యాయం ఉంది, సూసన్న కథ, ప్రొటెస్టెంట్ బైబిల్లో అది ఉండదు. ఇద్దరు పెద్దమనుషులు ఒక ఇల్లాలి మీద కన్నేసి, ఆమె ఒప్పుకోకపోయేసరికి ఆమె మీదే రంకు కట్టి చంపించబోతారు. ఊరంతా నమ్మేస్తుంది, ఎందుకంటే చెప్పింది పెద్దమనుషులు. దానియేలు ఏం చేశాడు? ఇద్దరినీ విడదీసి, ఏ చెట్టు కింద చూశావని ఒక్కొక్కరినీ అడిగాడు. ఒకడు ఒక చెట్టు పేరు చెప్పాడు, ఇంకొకడు ఇంకో చెట్టు. అంతే. ఎవరి భార్య గురించైనా ఎవరైనా ఏదైనా మోసుకొస్తే మీరూ అదే అడగండి, నువ్వు కళ్ళతో చూశావా, ఎక్కడ? సగం కబుర్లు అక్కడే ఆగిపోతాయి.

కాపురంలో డబ్బు, ఫోను

అపొస్తలుల కార్యాలు 5వ అధ్యాయంలో అననీయ, సప్పీర అని మొగుడూపెళ్ళాలు పొలం అమ్మి, కొంత దాచుకుని, మొత్తం ఇదేనని పేతురు గారి ముందు అబద్ధం ఆడతారు. అందరూ వాళ్ళ చావు దగ్గరే ఆగుతారు. నాకు మాత్రం వాళ్ళిద్దరి మధ్య జరిగిన ఆ మంతనం గుర్తొస్తుంది, ఎందుకంటే అబద్ధం ఆడటంలో వాళ్ళు ఎంత ఐకమత్యంగా ఉన్నారో చూడండి. మన ఇళ్ళలో అంత ఐకమత్యం కూడా ఉండదు, ఒకరికి తెలియకుండా ఒకరు దాస్తారు. నేనూ దాచాను. పెళ్ళయిన నాలుగో ఏట మా ఆయనకి తెలియకుండా 11 నెలలు చీటీ కట్టాను, పాడుకున్న డబ్బుతో మా తమ్ముడి ఫీజు కట్టాను. మంచి పనే కదా అనుకున్నాను. తెలిసిన రోజు ఆయన డబ్బు గురించి ఒక్క మాట అనలేదు, "నన్ను అడిగితే వద్దంటానని ఎలా అనుకున్నావ్?" అన్నాడు. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

అప్పటినుంచి నెలలో మొదటి ఆదివారం పూజ అయ్యాక, టిఫిన్ తిన్నాక, ఒక పుస్తకం పెట్టుకుని కూర్చుంటాం. జీతం ఎంత వచ్చింది, ఎవరికి ఎంత పంపాం, తాకట్టులో ఏముంది, చీటీ ఎక్కడిదాకా వచ్చింది. మొదటి మూడు నెలలూ గొడవే అయింది, చెప్తున్నాను ముందే. వాళ్ళమ్మకు పంపే డబ్బు, మా అమ్మకు పంపే డబ్బు ఒకే పేజీలో పక్కపక్కన రాయడం మొదలుపెట్టాక తగ్గింది. లోన్ యాప్‌లో అప్పు చేసినవాళ్ళు మాత్రం నెలాఖరు దాకా ఆగొద్దు, ఈ రోజే చెప్పండి, ఎందుకంటే ఆ వసూలు చేసేవాళ్ళు మీకన్నా ముందు మీ ఫోన్లో ఉన్న అందరికీ చెప్పేస్తారు.

ఫోను గురించి ఎక్కువ చెప్పను. పాస్‌వర్డ్ ఇచ్చిపుచ్చుకోవడం మీ ఇద్దరి ఇష్టం, కానీ రోజూ రాత్రి అవతలి మనిషి ఫోను తిరగేయడం కాపలా కాయడమే అవుతుంది. క్లాసుకొచ్చే పిల్లలకు నేను చెప్పే లెక్క ఒకటే, మీ భార్య పక్కన కూర్చుని ఉండగా పైకి చదవలేని మెసేజ్ ఇంకో స్త్రీకి పంపుతున్నారంటే అక్కడ ఆగండి.

తప్పు జరిగిపోయిన వాళ్ళు అడుగుతుంటారు, భార్యకి చెప్పాలా, భర్తకి చెప్పాలా అని. ముందు ఆ సంబంధం తెంచుకోండి, తర్వాత పాపసంకీర్తనానికి వెళ్ళండి. భాగస్వామికి చెప్తేనే క్షమాపణ అని శ్రీసభ షరతు పెట్టలేదు. ఎలా, ఎప్పుడు అన్నది అక్కడే ఆ గురువును సలహా అడగండి. కానీ జబ్బు అంటుకునే ప్రమాదం ఉన్నా, ఇంకో బిడ్డ పుట్టినా, ఇంటి డబ్బు పోయినా దాచే హక్కు మీకు లేదు. మీ గుండె బరువు దించుకోవడానికి మాత్రమే అర్ధరాత్రి లేపి చెప్పకండి.

ఇంటి గుట్టు

ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు. జోజప్ప (యోసేపు) గారిని చూడండి, మరియమ్మ గర్భవతి అని తెలిశాక, ఇంకా దేవదూత కలలోకి రాకముందే, ఆయన నిర్ణయం ఏంటంటే నలుగురిలో పరువు తీయకుండా రహస్యంగా విడిచిపెట్టడం. తనకు అన్యాయం జరిగిందనుకుంటూ కూడా ఆమె పేరు కాపాడాలనుకున్నాడు. మనం కూర బాగాలేదని కూడా స్టేటస్ పెడుతున్నాం.

గొడవ వస్తే చెప్పుకోవడానికి ఇద్దరూ కలిసి ఒక మనిషిని ముందే అనుకోండి, నోరు జారని మనిషిని. అటు అమ్మ, ఇటు అమ్మ కాకపోతే మంచిది. అమ్మకి చెప్తే మీరు మర్నాటికి కలిసిపోతారు, ఆవిడ పదేళ్ళు మర్చిపోదు. ఇంకోటి, "ప్రార్థన కోసం చెప్తున్నాను" అని మొదలయ్యే కబురు. దేవుడికి వివరాలు అక్కర్లేదు కదా! "ఒక కుటుంబం కోసం ప్రార్థన చేయండి" అంటే చాలు, పేరు, వీధి, మేడ మీద వాటానా కింద వాటానా అన్నది ఎందుకు?

దెబ్బలు మాత్రం గుట్టు కిందికి రావు. కొట్టడం, చంపుతానని బెదిరించడం, పిల్లల మీద చేయి వేయడం, వీటిని దాచడం పెళ్ళి గౌరవం కాపాడటం కాదు. శరీరానికో మనసుకో, పిల్లలకో గట్టి ప్రమాదం ఉంటే విడిగా ఉండటానికి సరైన కారణం ఉన్నట్టేనని 1153 చెప్తుంది, ఆలస్యం చేస్తే ప్రమాదమైతే ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా కూడా. 181కి ఫోన్ చేయండి, అర్జంటైతే 112. 2005 గృహహింస చట్టం కథోలికులకూ వర్తిస్తుంది. ఎవరైనా "సిలువ మోయాలమ్మా" అంటే ఆ మనిషికి ఇంకోసారి చెప్పుకోకండి.

కేసు ట్రిబ్యునల్ దాకా వెళ్తే

దీన్ని మనవాళ్ళు చర్చి విడాకులు అంటారు, తప్పు. పెళ్ళి నాడు ఉండాల్సింది ఏదో లేకపోయినందువల్ల ఆ పెళ్ళి మొదటినుంచీ చెల్లలేదని మేత్రాసన ట్రిబ్యునల్, అంటే బిషప్ గారి పరిధిలోని చర్చి కోర్టు, తేల్చడం అది. 2015లో పోప్ ఫ్రాన్సిస్ ఈ పద్ధతిని తేలిక చేశారు, అనుకూలంగా వచ్చిన తీర్పును రెండో కోర్టు మళ్ళీ ఖాయం చేయాలన్న నియమం పోయింది. పిల్లలు అక్రమ సంతానం అయిపోతారని భయపెట్టేవాళ్ళ మాట నమ్మకండి, 1137 ప్రకారం చెల్లుతుందనుకుని చేసుకున్న పెళ్ళిలో పుట్టిన పిల్లలు సక్రమ సంతానమే.

సాక్షిగా పిలిస్తే తెలిసింది చెప్పండి, మీ చెల్లెలి తరఫున వెళ్ళినా సరే. "తాగేవాడు" అన్నది మీరు చూసింది రెండుసార్లయితే రెండుసార్లు అనండి. లాయరు చెప్పినట్టు రోజూ అనొద్దు. అక్కడ అడిగేది ఎక్కువగా పెళ్ళికి ముందు, పెళ్ళి నాటి సంగతులు, కాబట్టి పెళ్ళిచూపుల్లో ఎవరేమన్నారు, ఏ కాగితం చూపించారు అన్నవి గుర్తుచేసుకుని, ఉంటే పాత మెసేజ్‌లు, డాక్టరు చీటీలు పట్టుకెళ్ళండి. ఈ తీర్పు ఒక్కటే సర్కారు లెక్కలో విడాకులు కాదు, చర్చి తీర్పుతో సివిల్ పెళ్ళి రద్దు కాదని సుప్రీంకోర్టు 2017లో కూడా చెప్పింది. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తే ముందు సివిల్ కోర్టు డిక్రీ కూడా చేతిలో ఉండాలి, రెండు కాగితాలూ కొత్త సంబంధం వాళ్ళకు మొదటి రోజే చూపించాలి, లోపల ఉన్న కారణాలు మాత్రం వాళ్ళ చుట్టాలందరికీ చదివి వినిపించక్కర్లేదు.